ఒక్క పేజీలో తెలుగువాళ్లు

క్రిందటి వేసవిలో మా ఊరి హాస్పిటల్ వారి దగ్గరనుంచి మన సంఘానికి ఒక ఉత్తరం వచ్చింది. తమ వద్దకు వచ్చే తెలుగు రోగుల సంఖ్య పెరుగుతున్నది గనుక, నర్సులకూ డాక్టర్లకూ ఉపయోగపడే విధంగా తెలుగువారి ఆచారవ్యవహారాల మీద ఒక్క పేజీ వ్రాసి ఇమ్మని వారు కోరారు. వారి ఉద్దేశం మంచిదే. సంఘంలో వైద్యవృత్తిలో ఉన్న మా నలుగురికీ ఆ పని అప్పగించారు. ఒక్క పేజీయే కదా, ఒక ఆదివారం భోజనాలయ్యాక కూర్చుంటే కాఫీ వేళకు అయిపోతుందనుకున్నాం. మూడు ఆదివారాలు గడిచాయి. పేజీ పూర్తి కాలేదు. ఎందుకు కాలేదో సభ్యులకు చెప్పుకోవలసిన బాధ్యత మాకుంది. ఆ చెప్పుకోవడంలో పేజీకంటె పెద్ద ప్రశ్న ఒకటి ఎదురైంది. ఒక మనిషిని అతని జాతినిబట్టి తెలుసుకోవచ్చునా? అలా తెలుసుకోవడం న్యాయమేనా?

మొదటి వాక్యం "తెలుగువారు సాధారణంగా శాకాహారులు" అని వ్రాశాం. వ్రాసిన వెంటనే మాకే నవ్వొచ్చింది. గంట క్రితం అదే బల్ల దగ్గర కోడికూర వేసుకుని భోంచేసినవాళ్లం మేము. కొట్టేశాం. రెండవది "తెలుగువారు హిందువులు" అన్న వాక్యం. మా నలుగురిలో గుంటూరునుంచి వచ్చిన క్రైస్తవ సోదరి ఒకరున్నారు. ఆమె ఏమీ అనలేదు గాని, అదీ కొట్టేశాం. మూడవది "వైద్యానికి సంబంధించిన పెద్ద నిర్ణయాలు కుటుంబ పెద్దలే తీసుకుంటారు" అనేది. ఇది మాత్రం రెండు వారాలు కాగితం మీద నిలిచింది. ఎందుకంటే అది నిజంలాగా కనిపించింది. దాని సంగతి తరువాత చెబుతాం.

ఈ దేశంలో ఏ ఫారం తీసినా రేస్, ఎత్నిసిటీ అని ఒక గడి ఉంటుంది. ఎత్నిసిటీ అన్న మాటకు తెలుగులో సరైన మాట కోసం కొంతసేపు వెతికాం. జాతి అంటే సరిపోతుందనిపిస్తుంది. కాని మన జాతి అన్న మాట ఎన్ని బరువులు మోస్తున్నదో చూడండి. తెలుగు జాతి అంటాం, భారత జాతి అంటాం, స్త్రీ జాతి అంటాం, మానవ జాతి అంటాం, జాతి ఎద్దులు అని కూడా అంటాం. భాష, దేశం, లింగం, పుట్టుక, రక్తం అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. ఇది మన భాషలోని లోపం కాదు. ఇంగ్లీషులో ఆ మాట వాడేవారి మనసులోనూ ఇవన్నీ ఇలాగే కలగాపులగంగా ఉన్నాయి. గడి మాత్రం చిన్నది, గీతలు సూటిగా ఉంటాయి గనుక లోపల ఉన్నదీ సూటిగా ఉంటుందని భ్రమ కలుగుతుంది.

ఆ గడి చరిత్ర చూస్తే ఆ భ్రమ పోతుంది. 1920, 1930, 1940 సంవత్సరాల అమెరికా జనాభా లెక్కలలో "హిందూ" అనేది ఒక రేసు పేరు. పంజాబునుంచి కాలిఫోర్నియా పొలాలకు వచ్చిన సిక్కులను, ముస్లిములను సైతం ఆ పేరు క్రిందనే వ్రాసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్‌సింగ్ థిండ్ అనే సిక్కు పౌరసత్వం కోరినప్పుడు వివాదం సుప్రీం కోర్టుదాకా వెళ్లింది. అప్పటి చట్టం ప్రకారం తెల్లవారికీ, ఆఫ్రికా సంతతివారికీ తప్ప ఇతర వలసదారులకు పౌరసత్వం లేదు. 1922 నవంబరులో ఓజావా అనే జపానీయుని కేసులో అదే కోర్టు, తెల్లవాడంటే కకేషియన్ అని అర్థం చెప్పి అతన్ని కాదన్నది. సరే, అప్పటి శాస్త్రజ్ఞుల లెక్కలో మేము కకేషియన్లమే గదా అని థిండ్ పక్షం వాదించింది. 1923 ఫిబ్రవరిలో కోర్టు మాట మార్చింది. శాస్త్రజ్ఞుల లెక్క కాదు, సామాన్యుడు ఎవరిని తెల్లవాడనుకుంటాడో అతడే తెల్లవాడని తీర్పు చెప్పింది. మనవాళ్లకు పౌరసత్వపు దారి 1946లో వచ్చిన చట్టంతో గాని తెరుచుకోలేదు.

1970 జనాభా లెక్కలలో భారతీయులను తెల్లవారిలో కలిపారు. తరువాత మనవాళ్ల సంఘాలు కొన్ని ప్రత్యేకమైన గడి కావాలని ప్రయత్నం చేశాయి. అలా వేరుపడితే నష్టమని వాదించినవారూ మనలో ఉన్నారు. 1977లో ప్రభుత్వం ఇచ్చిన ఆదేశంలో భారత ఉపఖండంవారు ఆసియావారి లెక్కలోకి వచ్చారు. 1980 జనాభా లెక్కలలో "ఏషియన్ ఇండియన్" అనే గడి వెలిసింది. ఇరవయ్యేళ్ల వయసులో 1920లో ఇక్కడ ఉన్న పంజాబు రైతు ఎనభై ఏళ్లు బ్రతికి ఉంటే మొదట హిందూ, తరువాత తెల్లవాడు, చివరకు ఏషియన్ ఇండియన్ అయి ఉంటాడు. ఆయన రక్తంలో ఒక్క బొట్టు కూడా మారలేదు.

1969లో నార్వే దేశపు మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ తన సంపాదకత్వంలో వెలువడిన గ్రంథంలో ఈ విషయాన్నే సూటిగా చెప్పారు. ఒక తెగను తెగగా నిలిపేది దాని లోపల ఉన్న ఆచారాల మూట కాదు, మనం వేరు, వారు వేరు అని ఇరువైపులవారూ నిలుపుకునే సరిహద్దు. ఆచారాలు మారుతుంటాయి, మనుషులు అటూ ఇటూ దాటుతుంటారు, అయినా సరిహద్దు నిలుస్తుంది. మనకు ఇది కొత్త సంగతేమీ కాదు. తెనాలిలో ఉన్నన్నాళ్లు ఎవరూ తెలుగువాడు కాదు, ఫలానావారి అబ్బాయి. హైదరాబాదు వెళితే కోస్తావాడు. ఢిల్లీలో మద్రాసీ. ఇక్కడికి వస్తే ఇండియన్. హాస్పిటల్ కాగితంలో ఏషియన్. ఎదుట నిలిచినవారిని బట్టి మన జాతి మారుతున్నదంటే, అది ఎముకలో ఉన్న వస్తువు కాదు, ఎవరో అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు.

అయితే అదంతా మాయ, అందరూ మానవులే, గడులన్నీ చెరిపేద్దాం అని చేతులు దులుపుకోవచ్చునా? వైద్యులుగా మేము అలా అనలేం. మనవాళ్లకు మధుమేహం తక్కువ బరువులోనే వస్తున్నది. అందరికీ బరువు కొలిచే సూచిక 25 దాటితే జాగ్రత్త అనేవారు. ఆసియావారి విషయంలో 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిపుణులు 2004లో చెప్పారు. అమెరికా మధుమేహ సంఘం 2015నుంచి ఇక్కడి ఆసియావారికి ఆ 23 దగ్గరే పరీక్ష చేయమంటున్నది. గడి లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. మళ్లీ ఆ గడి మరీ పెద్దదైనా కష్టమే. చైనా, జపాను, ఇండియా వారినందరినీ ఏషియన్ అని కలిపి సగటు కడితే మనవాళ్ల గుండెజబ్బు ఆ సగటులో కనబడకుండా పోతుంది. 2018లో వచ్చిన కొలెస్టరాలు మార్గదర్శకాలలో దక్షిణాసియా సంతతిని విడిగా పేర్కొన్నది అందుకే. అంతేకాదు, ఉద్యోగాలలో ఎవరికి అన్యాయం జరుగుతున్నదో లెక్కపెట్టాలన్నా గడి కావాలి. లెక్కలేని అన్యాయాన్ని రుజువు చేయడం కష్టం.

కనుక చిక్కు గడిలో లేదు. గడితో మనం చేసే పనిలో ఉంది.

పెద్ద పెద్ద సంస్థలలో ఇప్పుడు వైవిధ్య నిర్వహణ అని ఒక శాస్త్రం పెరిగింది. 1987లో ఇక్కడి శ్రామికుల భవిష్యత్తు మీద వచ్చిన వర్క్‌ఫోర్స్ 2000 అనే నివేదిక తరువాత దీనికి బాగా ఊపు వచ్చింది. దీనికి వెన్నెముకలాంటి పరిశోధన అంతకు ముందే ఉంది. డచ్చి పరిశోధకుడు హాఫ్‌స్టెడె ఐ.బి.ఎం. కంపెనీ ఉద్యోగులకు 1967 నుంచి 1973 వరకు ఇచ్చిన ప్రశ్నపత్రాలు తీసుకుని, 1980లో దేశాల సంస్కృతులకు అంకెలు కట్టి గ్రంథం ప్రకటించారు. పెద్దాచిన్నా తేడాను క్రిందివారు ఎంతవరకు సహజమని ఒప్పుకుంటారో చెప్పే అంకెకు అధికార దూరం అని పేరు. అందులో అమెరికాకు 40, ఇండియాకు 77.

మా ఉద్యోగంలో మాకు ఇచ్చిన శిక్షణ తరగతిలో ఈ 77 తెర మీద కనిపించింది. అందుచేత ఇండియన్ నర్సులు డాక్టరు చెప్పినదానికి ఎదురు చెప్పరు, వారిని ప్రోత్సహించాలి అని తరగతి చెప్పినవారు ముగించారు. మా పక్క కుర్చీలో కేరళనుంచి వచ్చిన నర్సు ఒకామె కూర్చుని ఉంది. వారం క్రితమే రాత్రి రెండు గంటలకు ఫోను చేసి, మీరు వ్రాసిన మోతాదు తప్పు, ఇది నేను ఇవ్వను అని మా పొరపాటు దిద్దిన మనిషి ఆమె. మేము ఆమె ముఖం చూడలేకపోయాం.

ఆ 77 అబద్ధమని మేము అనడం లేదు. అయితే అది ఎవరి 77? అప్పటి ఒక్క కంపెనీలో, పట్నాలలో పనిచేసిన ఉద్యోగులది. అందులో అనంతపురం వేరుశనగ రైతు లేడు, సింగరేణి గని కార్మికుడు లేడు. పంజాబీ, నాగా, తెలుగు అందరూ ఒకే అంకె. భాష ఒక్కటైతే చాలదని తెలుగువాళ్లమే 1956లో ఒకటై 2014లో రెండు రాష్ట్రాలమయ్యాం. దేశం పేరూ సంస్కృతి పేరూ ఒకటే అనుకోవడంలోనే మొదటి పొరపాటు ఉంది.

రెండవ పొరపాటు ఇంకా సూక్ష్మమైనది. సగటును మనిషికి అంటగట్టడం. 1950లో రాబిన్సన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1930 నాటి అమెరికా జనాభా లెక్కలతో దీన్ని చూపించారు. ఏ రాష్ట్రాలలో విదేశాలలో పుట్టినవారు ఎక్కువో, ఆ రాష్ట్రాలలో చదువురానివారు తక్కువ. అయితే వలసవచ్చినవారికి చదువు ఎక్కువనుకోవాలా? మనిషి మనిషినీ విడిగా లెక్కవేస్తే సంగతి తలక్రిందులు. విదేశాలలో పుట్టినవారిలోనే చదువురానివారు కొంచెం ఎక్కువ. వారు స్థిరపడింది చుట్టుప్రక్కలవారు చదువుకున్న రాష్ట్రాలలో, అంతే. గుంపు గురించి నిజమైనది గుంపులోని మనిషి గురించి నిజం కాకపోవచ్చు, తిరగబడనూ వచ్చు. హాఫ్‌స్టెడె కూడా తన అంకెలను వ్యక్తులకు అంటించవద్దనే హెచ్చరించారు. తరగతులలో ఆ హెచ్చరిక జారిపోతుంది, అంకె మిగులుతుంది.

ఇది తరగతిలో నవ్వుకుని మరిచిపోయే సంగతి కాదు. మూత్రపిండాలు ఎంత పనిచేస్తున్నాయో రక్తపరీక్షనుంచి లెక్కకట్టే సూత్రం ఒకటుంది. 1999లో వచ్చిన సూత్రం రోగి నల్లవాడైతే ఫలితాన్ని 1.18తో హెచ్చించమన్నది. 2009 సూత్రంలో అది 1.16 అయింది. మేము శిక్షణలో ఉన్న రోజుల్లో ల్యాబు కాగితం మీద రెండు వరుసలు ఉండేవి, ఒకటి నల్లవారికి, ఒకటి మిగతావారికి. మేము రోగి ముఖం చూసి వరుస ఎంచుకునేవాళ్లం. అడిగేవాళ్లం కాదు. ఇక్కడి నిబంధన ప్రకారం ఆ అంకె 20కి దిగితేనే మూత్రపిండం మార్పిడికి వేచి ఉండే కాలం లెక్కలోకి వస్తుంది. ఇతరులకైతే 18 వచ్చే రక్తానికి నల్లవారికి దాదాపు 21 వచ్చేది. ఆ మూడు అంకెల తేడాతో ఒక మనిషి వరుసలో నిలబడకుండానే ఉండిపోయేవాడు. 2021లో జాతి లెక్క లేని కొత్త సూత్రం వచ్చింది. 2023 జనవరిలో, పాత సూత్రం వలన నష్టపోయిన నల్లవారి వేచి ఉన్న కాలాన్ని సరిచేయాలని మార్పిడి కేంద్రాలను ఆదేశించారు. వేలమందికి సరిచేశారు. అప్పటికే చనిపోయినవారికి ఎవరు సరిచేస్తారు?

ఇప్పుడు మా మూడవ వాక్యం సంగతి. కుటుంబ పెద్దలే నిర్ణయిస్తారు అన్న వాక్యం. దానివలన మేము చేసిన తప్పు ఒకటుంది. గుర్తుపట్టరాకుండా వివరాలు మార్చి చెబుతున్నాం. గోదావరి ప్రాంతంనుంచి కొడుకు దగ్గరకు వచ్చిన పెద్దావిడకు నయంకాని క్యాన్సరు అని తేలింది. తెలుగు వచ్చినవాళ్లమని మమ్మల్ని పిలిచారు. అమ్మకు చెప్పవద్దు, తట్టుకోలేదు అని కొడుకు ప్రాధేయపడ్డాడు. ఇక్కడి డాక్టర్లు సందేహిస్తుంటే, మావాళ్లలో ఇది మామూలే, కొడుకుతో మాట్లాడండి చాలు అని మేమే చెప్పాం. వారు మా మాట గౌరవించారు. ఒక మూడు వారాల తరువాత, కొడుకు లేని సాయంత్రం ఆవిడ మమ్మల్ని మంచం దగ్గరకు పిలిచింది.

"బాబూ, ఊళ్లో నా పేరున రెండెకరాలుంది. అది అమ్మాయికి రాసిస్తానని మాటిచ్చాను. నాకు రోజులు లేకపోతే లేవని చెప్పండి. అందరూ అబ్బాయితో మాట్లాడతారు. నన్నెవరూ అడగరేం?"

"మామ్మగారూ, మీరు కంగారు పడతారని..." అని మేము నసిగాం.

"మా ఆయన పోయినప్పుడు పడనిది ఇప్పుడు పడతానా?" అన్నది ఆవిడ.

కాన్సులేటు ద్వారా కాగితాలు పంపే ఏర్పాటు చేసేలోగా ఆవిడకు స్పృహ తప్పింది. మళ్లీ రాలేదు. ఆ కొడుకును మేము తప్పుపట్టలేం, అతనిది ప్రేమ. తప్పు మాది. తెలుగు తెలిసి కూడా ఆవిడను తెలుగులో ఒక్క ప్రశ్న అడగలేదు. ఆవిడ మనసు మాకు ముందే తెలుసనుకున్నాం, ఎందుకంటే ఆవిడ మావాళ్లలో మనిషి.

తరువాత ఒక పాత పరిశోధన మళ్లీ చదివాం. 1995లో లాస్ ఏంజెలిస్ నగరంలో నాలుగు జాతులకు చెందిన 800 మంది వృద్ధులను, ముదిరిన క్యాన్సరు సంగతి రోగికి చెప్పాలా అని అడిగారు. చెప్పాలన్నవారు ఐరోపా సంతతివారిలో వందకు 87, నల్లవారిలో 88, మెక్సికో సంతతివారిలో 65, కొరియావారిలో 47. ఈ అంకెలు చూపించి, కొరియావారికి చెప్పకూడదు అని పాఠం చెప్పేవారున్నారు. కాని 47 అంటే దాదాపు సగం. ఎదుటనున్న కొరియా వృద్ధుడు చెప్పమంటాడో వద్దంటాడో తెలుసుకోవడానికి అతని జాతి తెలియడం, నాణెం ఎగరవేయడం ఒకటే. అటు 87 మంది చెప్పమన్నచోట కూడా పదముగ్గురు మిగిలారు. ఆ పరిశోధకులు చివర చెప్పినదీ ఇదే. మీరు తెలుసుకోవాలనుకుంటున్నారా, లేక మీవాళ్లతో మాట్లాడమంటారా అని రోగినే అడగండి అన్నారు.

ఇక్కడితో ఆపితే మనం ఇతరులను తప్పుపట్టి, మన పెద్దావిడను తలచుకుని కళ్లు తుడుచుకుని ఊరుకున్నట్టవుతుంది. మన గడుల సంగతి కూడా చెప్పుకోవాలి. మన పిక్నిక్కులలో కొత్తగా వచ్చినవారిని మొదట అడిగేది "మీదేవూరండీ?" అని. అంత ఆప్యాయమైన ప్రశ్న లేదు. తరువాత "ఇంటిపేరు?" అంటాం. అదీ తెలియకపోతే "ఫలానావారు మీకేమవుతారు?" అంటాం. జవాబు వచ్చేసరికి కొందరి కుర్చీలు దగ్గరకు జరుగుతాయి, కొందరివి దూరం జరుగుతాయి. అడిగేవారికి అది తెలియకపోవచ్చు. జవాబు చెప్పేవారికి తెలుస్తుంది. 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేసినప్పుడు, ఈ దేశంలో ఇది అవసరమా అని మనలో చాలామంది నొచ్చుకున్నారు. నొచ్చుకునే ముందు థిండ్ కేసు గుర్తుచేసుకోవాలి. ఆయన తరఫు వాదనలో, అగ్రకులంవారు తమ దేశంలోని ఆదివాసులను, ఇక్కడి తెల్లవారు నల్లవారిని చూసినట్టే చూస్తారు కాబట్టి ఆయన్ను తెల్లవాడిగా ఒప్పుకోవాలి అని కూడా ఉంది. తన మీద పడ్డ గడినుంచి బయటపడడానికి ఇంకొకరిని గడిలోకి నెట్టడం. అది ఆయనకు అక్కరకూ రాలేదు.

కనుక మాకు తోచిన ధర్మం ఇది. జాతి మనకు ప్రశ్న ఇవ్వవచ్చు, జవాబు ఇవ్వకూడదు. తెలుగు రోగి గనుక మధుమేహానికి పరీక్ష చేయాలేమో అనుకోవడం ప్రశ్న. తెలుగు రోగి గనుక కొడుకుతో మాట్లాడితే చాలు అనడం జవాబు. మొదటిది మనిషి దగ్గరకు తీసుకుపోతుంది, రెండవది మనిషి నోరు మూస్తుంది. అధికారం ఎవరి చేతిలో ఉన్నదో వారికి ఈ జాగ్రత్త మరింత కావాలి, ఎందుకంటే వారి ఊహే కాగితం మీదకు ఎక్కుతుంది. ఆ అధికారం ఒక్కొక్కప్పుడు మన చేతిలోనే ఉంటుంది.

మూడవ ఆదివారం ఆ మూడవ వాక్యం కూడా కొట్టేసి పేజీ మళ్లీ మొదలుపెట్టాం. ఇప్పటికి వ్రాసినది ఇంత. తెలుగువారిలో చాలామందికి ఇంటిపేరు ముందు, పేరు తరువాత ఉంటుంది. ఫారంలో తారుమారు కావచ్చు, మిమ్మల్ని ఏమని పిలవాలి అని అడగండి. ఇంగ్లీషు వచ్చినా నొప్పి తెలుగులోనే చెప్పుకోగలిగేవారుంటారు, ఏ భాషలో మాట్లాడమంటారు అని అడగండి, ఇంటివారు కాని దుభాషిని పిలవండి. పథ్యం అన్న మాట వినబడితే ఏమేమి తినడం మానేశారో, ఉపవాసం అంటే మందు వేళ ఎలా మార్చుకున్నారో అడగండి. సూచిక 23 దాటితే మధుమేహానికి పరీక్ష చేయండి. జబ్బు సంగతి మీకు చెప్పమంటారా, ఇంకెవరికైనా చెప్పమంటారా అని రోగినే, ఒంటరిగా ఉన్నప్పుడు, ముందుగానే అడగండి.

ఇంకా అర పేజీ ఖాళీ ఉంది. దాన్ని ఖాళీగానే ఉంచి, పైన రోగి పేరు వ్రాసి, మిగతాది ఆయననో ఆమెనో అడిగి నింపమని హాస్పిటల్ వారికి ఇద్దామని మాలో ఇద్దరి అభిప్రాయం. అలా ఇస్తే పని ఎగవేశారనుకుంటారని మిగతా ఇద్దరి భయం. సభ్యులు వచ్చే సమావేశంలోగా తమ అభిప్రాయం తెలపవలెనని కోరుతున్నాం. ఇళ్లలో పెద్దవారుంటే వారినీ అడిగి చెప్పండి. వారి తరఫున మీరే చెప్పేయవద్దు.